బెల్టు వదులు

నాలుగంతస్తుల మేడ, లిఫ్టు లేదు, మిట్టమధ్యాహ్నం. మూడో అంతస్తు దాటాక, మనిషి పక్కకు తప్పుకునే చోటు కూడా లేని మెట్ల మీద ఏటవాలుగా ఓ పాత ఫ్రిజ్. దానికి పైన బెల్టు పట్టుకుని బావమరిది, కింద భుజం ఆనించి బావ. ఒకరి మొహం ఒకరికి కనపడదు.

"...ఎవరు వాడారో, ఏం పెట్టారో. రేపు తెరవగానే కంపు కొట్టిందా, మళ్లీ నీ నెత్తికే ఎత్తుతా."

"కంపేం లేదు బావా. ఓ ముసలాయన ఒక్కడే వాడాడు. అందులో మందు తప్ప ఏమీ పెట్టలేదు."

"ఏం మందు?"

"షుగరు మందు. సూదులు. మీరు అటు పోకండి. కుడికాలు పైమెట్టు మీద వెయ్యండి. ఆ. ఇప్పుడు ఎత్తండి."

"ఎత్తా. అబ్బ. ముసలాయన్ని కూడా లోపలే పెట్టి అమ్మారట్రా?"

"ఆయన్ని అంతకుముందే తీసుకెళ్లిపోయారు. నలుగురు కలిసి. అది ఇంతకంటే తేలిక."

"ఇంకెన్ని మెట్లు?"

"పదకొండు."

"ఇందాకా పదకొండే అన్నావు."

"ఇందాక మీరు ఎక్కలేదు బావా, మూలిగారు. ఒకటి, రెండు, ఎత్తండి."

"ఒరేయ్ చిన్నోడా, ఇంత షాపు పెట్టుకున్న మీ ఓనరు ఇంకో మనిషిని పంపలేడా?"

"నా జతగాడికి ఒంట్లో బాలేదు. మీరేమో ఇవాళే కావాలన్నారు."

"నేనన్నానా? నువ్వే కదా ఫోన్ చేసి, మంచి సరుకు, సగం ధర, సాయంత్రందాకా ఆగితే ఎవడో ఎగరేసుకుపోతాడు అని ఊదరగొట్టావు."

"సొంత బావ కదా అని ముందు మీకే చెప్పా."

"చెప్పావులే. సరే, గుమ్మం దగ్గర దించేసి నువ్వు బయల్దేరు. లోపలికి నేను జరుపుకుంటా."

"అదేం మాట. లోపల పెట్టి, లెవెల్ చూసి, కాళ్లు బిగించి వెళ్తా. ఆటోలో పడుకోబెట్టి తెచ్చాం కదా, ఆయిలు కిందికి దిగాలి. నాలుగు గంటలదాకా స్విచ్చి వెయ్యకూడదు. అవన్నీ అక్కకి చెప్పి వెళ్తా."

"అక్కకి నేను చెప్తాలే."

"అక్క లేదా ఇంట్లో?"

"ఉంది. పడుకుంది. జ్వరం."

"ఫోన్ ఎత్తట్లేదు."

"పాడైంది. రిపేరుకిచ్చా. స్నేహితురాలింటికి వెళ్లినప్పుడు నీళ్లలో పడేసుకుంది."

"జ్వరంతో వెళ్లిందా?"

"వెళ్లాక వచ్చింది."

"ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం."

"వచ్చి నాలుగు రోజులైందా? మరి నిన్న నేనొచ్చి తలుపు కొడితే పలకలేదేం?"

"జ్వరం వచ్చిందిరా మంగళవారం. మనిషి కాదు."

"మనిషి ఎప్పుడొచ్చింది మరి?"

"నువ్వు ముందు లాగు. భుజం పడిపోతోందిక్కడ. ఆగాగు. ఇటు పక్కకి ఒరిగింది. బెల్టు వదులు."

"ఏంటి?"

"వదులు. వదులు రా. బెల్టు వదులు."

"సరే."

"అమ్మా. అమ్మో, చెయ్యి. చెయ్యిరా. ఒరేయ్, చెయ్యి."

"ఏమైంది బావా?"

"ఏమైందా? ఎడం చెయ్యి దీని కాలి కింద పడింది. మెట్టు అంచుకీ దీనికీ మధ్య నలిగిపోతోంది. లాగు. పైకి లాగరా."

"మీరే కదా వదులు అన్నారు."

"వదులుగా ఉందన్నానురా వెధవా. బిగించమన్నాను."

"వదులు అంటే వదిలాను. ఏంటి అని అడిగినా మళ్లీ అదే అన్నారు. మా పనిలో మెట్ల మీద ఆ మాట అనం బావా. బెల్టు సడలింది అంటాం. పైవాడికి కిందివాడి మొహం కనపడదు, మాటే కన్ను. ఆ ఒక్క మాటతో కాళ్లు పోయినవాడు మా షాపులోనే ఉన్నాడు, ఇప్పుడు గేటు దగ్గర కూర్చుంటాడు."

"ఆ పురాణం తర్వాత విప్పు. ముందు లాగు. వేళ్లు విరిగాయి. రక్తం కారుతోంది."

"లాగుతా. ఊపిరి తీసుకోనివ్వండి."

"తీసుకున్నావా?"

"తీసుకుంటున్నా."

"ఎంతసేపురా? ఒరేయ్, వింటున్నావా? పైన ఉన్నావా అసలు?"

"ఉన్నా. బావా, అక్క ఎక్కడ?"

"చెప్పా కదా."

"మూడు రకాలుగా చెప్పారు. నాలుగోది చెప్పండి. దాంతోనే పైకెళ్దాం."

"ఇప్పుడదా అడిగేది? చెయ్యి నలిగి చస్తుంటే?"

"ఇప్పుడే అడగాలి. మీరు కదలకుండా ఉండటం నేను చూడటం ఇదే మొదలు."

"ఒరేయ్... ఒక్క మాట చెప్పు. ఇంతకుముందు మీ వాళ్లు మా ఇంటికి మంచం తెచ్చినప్పుడు, తలపాగా చుట్టుకున్న పెద్దాయన కిందున్నాడు. పైన కొత్తవాడున్నాడు."

"అవును."

"బరువంతా కిందివాడి మీద పడుతుంది, అనుభవం ఉన్నవాడే కిందుండాలి అన్నాడాయన."

"నిజమే చెప్పాడు."

"మరి నన్నెందుకు కింద పెట్టావు?"

"ఇప్పుడు గుర్తొచ్చిందా? నాలుగో మెట్టు దగ్గరే అడుగుతావేమో అనుకున్నా. సగం ధర అనేసరికి నీకు మెదడు పనిచెయ్యలేదు."

"మీరు పోయి నువ్వులోకి దిగావే."

"మీరు మూడో అంతస్తులోనే దిగిపోయారు బావా. ఇక్కడ మనిద్దరమే."

"నేను వెనక్కి తప్పుకుంటా. వదిలేసి తప్పుకుంటా, చూడు."

"తప్పుకో. ఎడం చెయ్యి అక్కడే ఉంచి వెళ్లాలి, అంతే. భుజం తీసిన క్షణం ఇది నీ రొమ్ము మీద బోర్లా పడుతుంది. నువ్వూ ఇదీ కలిసి మూడో అంతస్తుదాకా. తొంభై కిలోలు. గాజు అరలు ఇందాక షాపులోనే తీసేశా. పగిలితే దండగ కదా అని."

"నువ్వు... నువ్వు ఇదంతా ముందే అనుకుని..."

"అక్క ఎక్కడ?"

"పడుకుందిరా. దేవుడి మీద ఒట్టు."

"అయ్యో, దేవుణ్ణి కూడా ఈ మెట్ల మీదికి ఎందుకు లాగుతావు, చోటు లేదు. ఇదిగో, ఒక్క అంగుళం."

"ఆఁ. వద్దు. వద్దురా. బిగించు. బిగించు."

"బిగించా. పాత ఫ్రిజ్ ఏం చేశావు?"

"ఏ ఫ్రిజ్?"

"అక్క కాపురానికొచ్చినప్పుడు మేం కొనిచ్చింది. ఆకుపచ్చది."

"పాడైపోయింది. చల్లబడట్లేదు. పాత సామాన్లవాడికి వేశా."

"ఎప్పుడు?"

"మంగళవారం."

"ఆ పాత సామాన్లవాడు బుధవారం దాన్ని మా షాపుకే తెచ్చాడు బావా. వాడెప్పుడూ మాకే వేస్తాడు. నువ్వు అడగలేదు, వాడు చెప్పలేదు. నేను వెనక్కి తిప్పి చూశా. గొట్టం దగ్గర అతుకు నాదే. పోయినేడు మీ ఇంటికొచ్చి నా చేత్తో వేసిన అతుకు. నా చేతిరాత నాకు తెలియదా?"

"అయితే?"

"ప్లగ్ పెట్టా. అరగంటలో గడ్డ కట్టింది. దానికి ఏ రోగమూ లేదు. డోర్ మాత్రం సరిగ్గా పడట్లేదు. అంచు వంగిపోయింది. ఎందుకు వంగిందా అని రబ్బరు ఊడదీశా."

"ఊడదీస్తే?"

"నువ్వు చెప్పు. ఊడదీస్తే ఏముంటుంది?"

"నాకేం తెలుసు. మురికి ఉంటుంది."

"వెంట్రుకలు. ఇంత పొడుగువి. మూర పొడుగువి. కుదుళ్లతో సహా. మా ఇంట్లో అంత జుట్టు ఒక్కదానికే ఉంది. చిన్నప్పుడు దానికి నేనే జడ వేసేవాణ్ణి. అమ్మ పనికెళ్లిపోయేది, మూడు పాయలు నేనే అల్లేవాణ్ణి. ఆ జుట్టు నా చేతికిస్తే కళ్లు మూసుకుని చెప్తా."

"జారిపడిందిరా. కాలు జారి..."

"జారిపడి ఫ్రిజ్‌లో తలపెట్టి డోర్ వేసుకుందా?"

"ఒరేయ్..."

"ఇంకో అంగుళం."

"చెప్తా. చెప్తా. ఆపు. అది ఫ్రిజ్ తెరిచి పెట్టుకుని దాని ముందు నిలబడి ఏడుస్తోంది. చల్లగాలంతా పోతోంది, డోర్ వెయ్యమన్నా. ఉలకదు, పలకదు. మూడుసార్లు చెప్పా. ఏ మనిషికైనా ఎంత ఓర్పు ఉంటుంది? వెయ్యదే. నేనే వేశా."

"తల మధ్యలో ఉండగా. ఒక్కసారి వేస్తే ఇనప అంచు వంగదు. నేను రోజూ డోర్లు బిగించేవాణ్ణి. ఎన్నిసార్లు?"

"లెక్క పెట్టలేదు."

"ఎందుకేడుస్తోంది?"

"వెళ్లిపోతానంది. ఇంక నా వల్ల కాదు, తమ్ముడి దగ్గరికి పోతానంది. నీ దగ్గరికే. ఏముందిరా నీ దగ్గర? ఒక గది. ఆ గదిలో సగం పాత మోటార్లు. నా పెళ్లాం పోయి మోటార్ల మధ్య పడుకుంటే నలుగురూ నా మొహాన ఏం వేస్తారు?"

"అక్క బతికుందా?"

"ఉంది."

"ఎక్కడ?"

"సామాన్ల గదిలో. తాళం వేశా. పారిపోకుండా. తిండి పెడుతున్నానురా, రెండు పూటలా. నీళ్లు పెడుతున్నా. నేనేం రాక్షసుణ్ణి కాదు."

"డాక్టరు?"

"డాక్టరుకి చూపిస్తే ఏమని చెప్పను?"

"ఇవాళ పొద్దున తిండి పెట్టావా?"

"పెట్టా."

"తిందా?"

"పిలిస్తే పలకలేదు. నిద్రపోతోందనుకున్నా. పళ్లెం అక్కడే పెట్టి వచ్చా. నీ ఫోన్ వచ్చిందప్పుడే."

"పలకని పెళ్లాన్ని గదిలో పెట్టి తాళమేసి, సగం ధరకి ఫ్రిజ్ వస్తోందని మెట్లు దిగొచ్చావా? దిగొచ్చి, ముసలాయన కంపు కొడుతుందేమో అని అడుగుతున్నావా నన్ను?"

"ఎవరది? ఏంటా కేకలు? గంటనుంచీ మెట్ల మీద ఏంటీ రభస?"

"పిన్నిగారూ. పక్కింటి పిన్నిగారేనా? నేనండీ. ఇక్కడ, ఫ్రిజ్ వెనకాల. వీడు నన్ను చంపేస్తున్నాడు. పోలీసులకి ఫోన్ చెయ్యండి."

"ఎవరు బాబూ నువ్వు? అమ్మాయి తమ్ముడివా? అదే ముక్కు. అయ్యో, నువ్వు ఆ బెల్టు అలా..."

"చేతులు పట్టేస్తున్నాయి పిన్నిగారూ. బెల్టు సంగతి నేను చూసుకుంటా. మీరు మా అక్కని ఎప్పుడు చూశారు?"

"చూడటం పోయిన ఆదివారం. వినటం సోమవారం."

"ఏం విన్నారు?"

"ఏదో తలుపు వేసిన చప్పుడు. వేసిన తలుపే మళ్లీ మళ్లీ వేస్తారా ఎవరైనా అనుకున్నా. ఏడెనిమిదిసార్లు."

"తర్వాత?"

"తర్వాత టీవీ సౌండు పెంచాను. అలా చూడకు బాబూ. ఆరేళ్లుగా ఆ గోడ పక్కన ఉన్నా. మొదట్లో గోడ మీద కొట్టేదాన్ని. ఓసారి ఈయన వచ్చి నా గుమ్మంలో నిలబడి, ఒంటరిదానివి, కాస్త చూసుకుని మెట్లు దిగు అన్నాడు. ఆ రోజునుంచి టీవీ పెంచుతున్నా. ఇంక పెంచటానికి అందులో మిగల్లేదు."

"పిన్నిగారూ, మీరు పెద్దవారు, అలా నిలబడి కబుర్లేంటి? నా చెయ్యి నుజ్జయిపోతోంది. పోలీసులకి ఫోన్ చెయ్యండి."

"చేస్తా నాయనా. చేస్తే ఇంట్లో ఇంకెవరున్నారు అంటారు. తాళం వేసిన గదిలో ఎవరున్నారని చెప్పమంటావు?"

"మీరు ఎంతసేపటినుంచి వింటున్నారు?"

"వదులు వదులు అని నువ్వు అరిచిన దగ్గర్నుంచి."

"చూశావా బావా. రెండు చెవులు విన్నాయి. రేపు ఎవరైనా అడిగితే నా మాట ఒకటే. ఆయన వదులు అన్నాడు, నేను వదిలాను. మా పనిలో ఏ మనిషిని పిలిచి అడిగినా అదే చెప్తాడు. పిన్నిగారూ, మీరేమంటారు?"

"నేను విన్నదే అంటా. వదులు, వదులు రా. ఆ రా కూడా విన్నా."

"మీరిద్దరూ కలిసి..."

"బావా, తాళం చెవులెక్కడ?"

"ఎందుకు?"

"ఎక్కడ?"

"జేబులో. కుడి జేబులో. తియ్యలేను, కుడి భుజం మీదే ఇది నిలబడి ఉంది."

"తియ్యాలి."

"భుజం తీస్తే మీద పడుతుంది."

"నేను పట్టుకుంటా."

"నువ్వా?"

"అక్క నిన్ను ఆరేళ్లు నమ్మింది. నువ్వు నన్ను అర నిమిషం నమ్మలేవా?"

"రెండు చేతులతో పట్టుకో. పట్టుకున్నావా? నిజంగా పట్టుకున్నావా?"

"పట్టుకున్నా. తియ్యి."

"ఆఁ... కదిలింది. కదులుతోంది."

"నీ కాళ్లు వణుకుతున్నాయి, అదీ కదలిక. తియ్యి. వచ్చాయా?"

"వచ్చాయి. రెండున్నాయి. పొడుగుది బయట తలుపుది. పొట్టి ఇత్తడిది గదిది."

"పైకి విసురు. చూసి విసురు. గురి తప్పి కమ్మీల సందులోంచి పడ్డాయా, మూడంతస్తుల కింద పడతాయి. నేను దిగి వెతకాలి. దిగాలంటే బెల్టు వదలాలి."

"అలా అనకురా. చెయ్యి ఆడట్లేదు."

"అక్కని కొట్టినప్పుడు ఆడింది కదా. విసురు."

"ఇదిగో."

"దొరికాయి. పిన్నిగారూ, ఇవి తీసుకుని మీరు వెళ్లండి. తలుపు తియ్యగానే పేరు పెట్టి పిలవండి. పలికితే నాకొక కేక వెయ్యండి."

"పలక్కపోతే?"

"పలక్కపోయినా వెయ్యండి."

"మోకాళ్లు సహకరించవు బాబూ. కాస్త టైము పడుతుంది."

"పడనివ్వండి. మేం ఎక్కడికీ వెళ్లం."

"వెళ్లిందా ముసలిది?"

"వెళ్లింది."

"ఒరేయ్ చిన్నోడా. తమ్ముడూ. నా మాట విను. నువ్వు చిన్నవాడివి. రేపు నీకూ పెళ్లవుతుంది. జైలుకెళ్తే ఎవరిస్తారు పిల్లని?"

"నీకిచ్చారు కదా."

"ఏదో కోపంలో జరిగిపోయింది. ఇక చెయ్యి ఎత్తను. ఈ చెయ్యి ఇంక లేవదు కూడా, చూస్తున్నావుగా."

"నాకు కనపడదు బావా. ఫ్రిజ్ అడ్డముంది."

"నొప్పి... స్పృహ పోతోందిరా."

"పోనివ్వకు. భుజం జారితే నాకు సంబంధం లేదు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. అక్క గురించి ఒక్క మంచి మాట చెప్పు."

"ఏంటి?"

"ఆరేళ్లలో ఒక్కటి. దానికి ఏమిష్టం? చెప్పు. టైముంది."

"దానికి... ఇష్టమంటే... వంట బాగా చేస్తుంది."

"నీకిష్టమైంది కాదు. దానికి."

"అడగలేదెప్పుడూ. ఒరేయ్, పైనుంచి చప్పుడు వస్తోందా? తలుపు తీసిందా?"

"తీసింది. ఊరుకో."

"ఏమంటోంది?"

"ఊరుకో అన్నానా. పిన్నిగారూ. పిన్నిగారూ, పలకండి."

"పలుకుతుందిలేరా. అది అంత తేలిగ్గా పోయే రకం కాదు. ఒక్కోసారి కావాలనే బిగుసుకుని పడుకుంటుంది, నన్ను భయపెట్టటానికి."

"నోరు మూసుకో బావా. ఒక్క మాట, ఇంకొక్క మాట మాట్లాడావా..."

"బాబూ."

"ఆఁ, పిన్నిగారూ."

"ఊపిరుంది. కళ్లు తెరిచింది. నీళ్లు తాగుతోంది బాబూ. చెంబుడు తాగేసి ఇంకా తాగుతోంది."

"అక్కా..."

"తీసుకొస్తున్నా. ఆగమంటే ఆగట్లేదు, గోడ పట్టుకుని తనే నడుస్తోంది. నెమ్మది తల్లీ. ఇక్కడ మెట్టుంది."

"తమ్ముడూ."

"అక్కా. కూర్చో. అక్కడే కూర్చో, దిగకు. పిన్నిగారూ, పట్టుకోండి. ఆ కన్ను... అక్కా, ఆ కన్ను..."

"ఒకటి తెరుచుకోవట్లేదు. రెండోదాంతో చూస్తున్నాలే. నువ్వు చిక్కిపోయావు."

"నేనా చిక్కిపోయింది."

"ఆయనెక్కడ?"

"ఫ్రిజ్ వెనకాల. కింద."

"చెప్పానా లేదా? బతికే ఉంది. నిక్షేపంలా నడిచొచ్చింది. ఇక చాలు, దీన్ని ఎత్తు. చెయ్యి తీసుకోనివ్వు."

"అక్కా, నువ్వు భయపడకు. నేనేం చెయ్యలేదు, చెయ్యను కూడా. మొదట జారినప్పుడే బెల్టుని ఈ కమ్మీకి రెండు చుట్లు వేశా. పిన్నిగారు తాళాలు తీసుకుని వెళ్లగానే ముడి బిగించా. నా చేతులు ఎప్పుడో ఖాళీ. ఊరికే బెదిరించా. నోట్లోంచి మాట రావాలి కదా. నిజంగా వదలటానికి నాకంత గుండె లేదు."

"ముడేశావా?"

"వేశా బావా. నువ్వు భుజం తీసినా అది పడదు. చెయ్యి మాత్రం పోలీసులొచ్చాక వాళ్లే తీస్తారు. చేతులు ఖాళీ అవగానే మా ఓనరుకి మెసేజ్ పెట్టా, ఆయన పోలీసులకి ఫోన్ చేశాడు. బయల్దేరారట."

"ముడేసుకుని కూర్చుని నాతో ఇంత నాటకం ఆడావట్రా, పిరికి వెధవా? తూ. దీనికే నేను తమ్ముడూ నాయనా అని కాళ్లావేళ్లా పడ్డానా?"

"పడ్డావు. విన్నాం."

"విన్నారు కదా, ఇది కూడా వినండి. పోలీసులు రానీ. ఇంతకుముందు రెండుసార్లు వచ్చారు. ఏం చేశారే? నువ్వే చెప్పు నీ తమ్ముడికి. ఏం చేశారు?"

"సర్దుకుపోమ్మా అన్నారు."

"ఆ. సర్దుకుపోమ్మా అని చెప్పి కాఫీ తాగి వెళ్లారు. ఈసారీ అంతే. మహా అయితే నాలుగు రోజులు లోపల పెడతారు. అయిదో రోజు నా ఇంటికి నేనొస్తా. వీడు షాపుకెళ్తాడు. ముసలమ్మ టీవీ పెట్టుకుంటుంది. తలుపు వేసుకున్నాక లోపల ఎవరుంటాం? ఈ చేతికి లెక్క అప్పుడు చెప్తా. ముందు నీకు, తర్వాత వాడికి. ఏమే, వింటున్నావా?"

"వింటున్నా."

"అక్కా, వాగనీ. వాడు నిన్ను ఇంకేం చెయ్యలేడు. నువ్వు నాతో వచ్చేస్తున్నావు."

"నీ దగ్గరికి రాలేడా ఆయన? నీ షాపు తెలుసు. నీ గది తెలుసు."

"తెలిస్తే తెలియనీ. నేనున్నా కదా."

"నువ్వు ముడేసేవాడివి నాన్నా. అది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు."

"అంటే?"

"ఏం లేదు. పోలీసులు రావటానికి ఎంతసేపు పడుతుంది?"

"పావుగంట అన్నారు."

"దాహంగా ఉంది. పైకెళ్లి నాకు ఇంకో గ్లాసు నీళ్లు తెచ్చి పెట్టు."

"ఇప్పుడేగా తల్లీ చెంబుడు తాగావు."

"ఇంకా కావాలి పిన్నిగారూ. మీరూ వెళ్లండి. వాడికి వంటిల్లు ఎక్కడో తెలియదు."

"నాకెందుకు తెలియదక్కా? పిన్నిగారు ఇక్కడ నీ దగ్గరుంటారు, నేను తెస్తా."

"ఇద్దరూ వెళ్లండి. వెళ్లి లోపలినుంచి తలుపు వేసుకోండి. మీ టీవీ పెట్టండి పిన్నిగారూ."

"ఏం మాట్లాడుతున్నావే? ఎవర్ని ఎక్కడికి పంపిస్తున్నావు? ఒరేయ్ చిన్నోడా, వెళ్లకు. ఆగు. ఒరేయ్."

"అక్కా..."

"వెళ్లు నాన్నా. మీరు ఎవరూ ఇక్కడ లేరు."

"మరి ఫ్రిజ్?"

"నేను చూసుకుంటాలే. ఆ ముడి ఏ కొస లాగితే ఊడుతుందో అది చెప్పి వెళ్లు."